చిన్న పరిశ్రమకు ప్రభుత్వ పరిశోధన గ్రాంటు: రాయగడ నుంచి బరంపురం దాకా మన తెలుగువారికి సమగ్ర మార్గదర్శి

గుణుపురంలో చోళ్లు ఆడించే మిల్లు నడిపేవారు, పర్లాకిమిడిలో జీడిపిక్కలు ఒలిపించేవారు, జయపురంలో అడ్డాకుల విస్తళ్లు కుట్టించేవారు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటే. పరిశోధనకు ప్రభుత్వం డబ్బు ఇస్తుందట కదా, దాన్ని ఎలా తెచ్చుకోవాలి? ఫోనులో ఐదు నిమిషాల్లో తేలే విషయం కాదు కాబట్టి వరుసగా రాస్తున్నాను.

నేను రాయగడ దగ్గర సామలు దంచి బియ్యం చేసే చిన్న యూనిట్ నడుపుతున్నాను. మొదటి దరఖాస్తు తిరిగి వచ్చింది, రెండోది మంజూరైంది. ఆ రెండింటికీ మధ్య నేను మార్చిన పనులే ఇక్కడ ఎక్కువగా కనిపిస్తాయి.

## 1. మీకు కావలసింది పరిశోధన సొమ్మేనా?

మన జిల్లాల నుంచి వెళ్లే దరఖాస్తుల్లో నా దగ్గరకు చదవడానికి వచ్చినవాటిలో ఎక్కువ భాగం ఇక్కడే దారి తప్పాయి. యంత్రం కొనడానికి డబ్బు కావాలి, కానీ దరఖాస్తు పరిశోధన గ్రాంటుకు పెడతారు. పరిశోధన గ్రాంటు అంటే ఇప్పటివరకు జవాబు తెలియని ఒక ప్రశ్నకు జవాబు వెతకడానికి ఇచ్చే సొమ్ము. యంత్రానికి ఇచ్చే సబ్సిడీ వేరు, సరుకు నిల్వకు ఇచ్చే అప్పు వేరు.

ముందు మీ అవసరం ఏ కోవలోకి వస్తుందో చూసుకోండి.

- మార్కెట్‌లో దొరికే యంత్రం కొనాలి: పీఎంఈజీపీ (ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం) చూడండి. ఆహార పదార్థాల యూనిట్ అయితే పీఎం ఎఫ్‌ఎంఈ (చిన్న ఆహార శుద్ధి యూనిట్ల కేంద్ర పథకం) కూడా చూడండి. దాని కింద అర్హమైన ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకు బ్యాంకు రుణంతో ముడిపడిన సబ్సిడీ ఉంది. దరఖాస్తులు తీసుకుంటున్నారా అన్నది జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి.
- సీజన్లో చింతపండు, జీడిపిక్కలు కొని పెట్టుకోవాలి: బ్యాంకు వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ వ్యాపారానికి ఇచ్చే అప్పు), ముద్రా రుణం.
- యంత్రం గానీ పద్ధతి గానీ ఎక్కడా సిద్ధంగా లేదు, తయారు చేసి, పరీక్షించి చూడాలి: ఇదే పరిశోధన గ్రాంటు పని.

మూడోది మీదైతే ముందుకు చదవండి. మొదటి రెండూ అయితే జిల్లా పరిశ్రమల కేంద్రానికే వెళ్లండి, అక్కడే మీ పని తొందరగా అవుతుంది.

2025 జూలై 1న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన లక్ష కోట్ల రూపాయల పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణ నిధి గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. అది గ్రాంటు కాదు. చాలావరకు సిద్ధమైన సాంకేతికతకు దీర్ఘకాలిక రుణంగా, పెట్టుబడిగా ఇచ్చే సొమ్ము. ఆలోచన దశలో ఉన్న చిన్న యూనిట్ దాని వెంట పడి ఏడాది పోగొట్టుకోవద్దు.

## 2. తెలియని విషయాన్ని ఒక్క వాక్యంలో రాయండి

దరఖాస్తు ఫారం తెరవకముందే ఈ వాక్యం సిద్ధం కావాలి. నా అనుభవంలో దీనికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలను ఎవరూ తగ్గించుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

నేను మొదటిసారి రాసింది ఇది: "గిరిజన రైతుల సామలకు గిట్టుబాటు ధర కల్పించేందుకు ఆధునిక ప్రాసెసింగ్ కేంద్రం ఏర్పాటు." ఇందులో మంచి ఉద్దేశం ఉంది, ప్రశ్న లేదు. పరిశీలకుడు దీన్ని చదివి ఏమి పరీక్షించబోతున్నారని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

రెండోసారి రాసింది ఇది: "పొట్టు తీసిన సామల బియ్యం రెండు నెలలు దాటేసరికి ముక్క వాసన వస్తోంది. పొట్టు తీయడానికి ముందు తక్కువసేపు ఆవిరి పట్టిస్తే, రంగు మారకుండా ఆరు నెలలు నిల్వ ఉంటుందా?"

ముక్క వాసనకు కారణం ఉంది. చిరుధాన్యాల తవుడు పొరలో కొవ్వు ఉంటుంది. పొట్టు తీయగానే ఆ కొవ్వుకు గాలి తగులుతుంది, గింజలోనే ఉన్న లైపేజ్ అనే ఎంజైము దాన్ని విడగొట్టడం మొదలుపెడుతుంది. వేడి తగిలితే ఆ ఎంజైము పని ఆగుతుంది. ఇంతవరకు తెలిసిన శాస్త్రం. ఎంత వేడి, ఎంతసేపు, మన కొండ సామలకు, చిన్న యూనిట్‌కు అందుబాటులో ఉన్న ఇంధనంతో అన్నదే తెలియని భాగం. తెలిసిన భాగం ఎక్కడ ఆగిందో, తెలియనిది ఎక్కడ మొదలైందో చూపించగలిగితే దరఖాస్తులో సగం పని అయినట్టే.

ఇతర పనులకు ఈ వాక్యం ఎలా ఉంటుందో చూడండి.

- అడ్డాకుల విస్తళ్లు: వానాకాలంలో వచ్చే బూజును రసాయనాలు లేకుండా, ఎండ లేని రోజుల్లో ఏ ఉష్ణోగ్రత దగ్గర ఆరబెడితే ఆపగలం, ఆకు పెళుసుబారకుండా?
- పసుపు: కొమ్ములను నీటిలో ఉడికించే బదులు ఆవిరితో ఉడికిస్తే కర్రల ఖర్చు ఎంత తగ్గుతుంది, పసుపుకు రంగునిచ్చే కుర్కుమిన్ ఎంత నిలుస్తుంది?
- జీడిపిక్కలు: తొక్క నూనె చేతులకు తగలకుండా ఒలిచే పనిముట్టును, ఒక మహిళ కూర్చుని నడపగలిగే ధరలో, బరువులో చేయగలమా?

మీ వాక్యాన్ని ఈ నాలుగు ప్రశ్నలతో సరిచూసుకోండి.

- కొలవగలిగే అంకె ఉందా? నెలలు, డిగ్రీలు, కిలోలు, రూపాయలు, ఏదైనా సరే.
- జవాబు "కాదు" అని కూడా రావచ్చా? రాకపోతే అది పరిశోధన ప్రశ్న కాదు.
- ఇదే పని ఇప్పటికే ఎవరైనా అమ్ముతున్నారా? చూశారా?
- జవాబు వస్తే ఎవరు డబ్బు పెట్టి కొంటారు?

## 3. దరఖాస్తుకు ముందు తొంభై రోజులు

గ్రాంటు వచ్చాకే ప్రయోగం మొదలుపెడతామని అనుకోవద్దు. సొంత ఖర్చుతో చేసిన చిన్న ప్రయోగం ఒక్కటి చేతిలో ఉన్న దరఖాస్తుకూ, లేనిదానికీ పోలిక ఉండదు.

నేను చేసింది చెబుతాను. ఆవిరి పట్టించనివి, ఐదు నిమిషాలు, పది నిమిషాలు, పదిహేను నిమిషాలు పట్టించినవి అని సామలను నాలుగు రకాలు చేశాను. మొదటి రోజున, ఆ తర్వాత పదిహేను రోజులకోసారి తొంభయ్యో రోజు వరకు, అంటే ఏడుసార్లు తెరిచి చూడాలి. ప్రతిసారీ ఒక్కో రకానికి మూడు పొట్లాలు. మొత్తం 84 పొట్లాలు, ఒక్కొక్కటి 200 గ్రాములు, అంటే 17 కిలోల లోపు బియ్యం. ఇంట్లో పాత చెక్క అలమరలో రెండు అరలు ఖాళీ చేసి పెట్టాను.

నలభై ఐదో రోజున ఆవిరి పట్టించని పొట్లం కత్తిరించినప్పుడు ముందుగా ఏ వాసనా రాలేదు. అరచేతిలో గుప్పెడు తీసుకుని రెండు చేతులతో రుద్దాక, వేడెక్కిన బియ్యంలోంచి పాత నూనె సీసా మూత తీసినట్టు వాసన వచ్చింది. పది నిమిషాల ఆవిరి పట్టిన పొట్లానికి అదే చేస్తే ఏమీ రాలేదు. పదిహేను నిమిషాలదానికీ రాలేదు, కానీ గింజ పసుపు రంగుకు తిరిగింది. ఆ మాటలనే, ఆ తేదీతోనే నోటు పుస్తకంలో రాశాను. తర్వాత ఇంటర్వ్యూలో పరిశీలకులు ఎక్కువసేపు తిప్పి చూసింది ఆ పేజీలనే.

నోటు పుస్తకం ఎలా ఉండాలో చెబుతాను.

- కుట్టిన పుస్తకం, పేజీలకు నంబర్లు. విడి కాగితాలు వద్దు.
- ప్రతి పేజీకి తేదీ, సంతకం. కొట్టివేతలు ఉంటే ఒక గీతతో కొట్టి పక్కన సంతకం పెట్టండి, రుద్ది చెరిపేయవద్దు.
- తెలుగులో రాసినా ఫరవాలేదు. అంకెలు, కొలతలు స్పష్టంగా ఉంటే చాలు.
- చెడిపోయిన ప్రయోగం కూడా రాయాలి. అది దాచిన పుస్తకాన్ని పరిశీలకులు నమ్మరు.
- ఫోటోలో సరుకు పక్కన తేదీ రాసిన చీటీ కనిపించాలి.

వాసన, రంగు మన కళ్లు, ముక్కు చెప్పేవి. వాటికి తోడు ల్యాబ్ అంకెలు కావాలి. 84 పొట్లాలనూ పరీక్షకు పంపాల్సిన పని లేదు. మొదటి రోజుది, తొంభయ్యో రోజుది, రెండు రకాలు తీసుకుని నాలుగు నమూనాలు పంపితే మొదటి దరఖాస్తుకు సరిపోతుంది. నిల్వ సరుకుకు తేమ శాతం, కొవ్వు ఎంత చెడిందో చెప్పే ఫ్రీ ఫ్యాటీ యాసిడ్, పెరాక్సైడ్ విలువ అడగండి. ల్యాబ్‌కు ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉండాలి. ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ఊరి పేరుతో వెతకవచ్చు. మనకు భువనేశ్వర్ ఎంత దూరమో విశాఖపట్నం అంతకంటే దగ్గర, రాయగడ వైపు వారైతే రెండు ఊళ్లలోనూ ధరలు అడిగి చూడండి.

## 4. కాగితాలు: సరిహద్దు జిల్లాల్లో వచ్చే చిక్కులు

మన ఇళ్లలో ఇంటిపేరు ముందు వస్తుంది, ఒడిశా కాగితాల్లో చివర వస్తుంది. బడి సర్టిఫికెట్‌లో పేరు ఒడియా పద్ధతిలో, పాన్ కార్డులో పొడి అక్షరంతో, ఆధార్‌లో మూడో రకంగా ఉండటం మన దగ్గర మామూలు. పోర్టల్ మాత్రం అక్షరం తేడా వచ్చినా ఒప్పుకోదు. మొదట ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా ఈ మూడింటిలో పేరు ఒకే తీరుగా చేయించండి. మిగిలిన పనులన్నీ ఆ తర్వాతే.

రెండో చిక్కు చిరునామా. ఇల్లు పార్వతీపురంలో, యూనిట్ రాయగడలో ఉన్నవారు చాలామంది. కేంద్ర పథకాలకు ఇది అడ్డు కాదు. రాష్ట్ర పథకాలకు మాత్రం సంస్థ ఏ రాష్ట్రంలో రిజిస్టర్ అయిందన్నదే ముఖ్యం. ఒడిశా ప్రభుత్వ కార్యక్రమం స్టార్టప్ ఒడిశా సాయం కావాలంటే సంస్థ ఒడిశాలో ఉండాలి. రెండు రాష్ట్రాల్లో రెండు పేర్లతో ఒకే పనికి దరఖాస్తు చేయడం తప్పు, బయటపడితే రెండూ పోతాయి.

మూడోది సంస్థ రూపం. మన మిల్లులు ఎక్కువగా సొంతదారు పేరు మీద నడుస్తాయి. చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదయ్యే ఉద్యం రిజిస్ట్రేషన్‌కు అది సరిపోతుంది. డీపీఐఐటీ (కేంద్ర పరిశ్రమల ప్రోత్సాహక శాఖ) ఇచ్చే స్టార్టప్ గుర్తింపు సొంతదారు సంస్థకు దొరకదు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ, ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం) లేదా రిజిస్టర్ అయిన భాగస్వామ్య సంస్థ వంటిది కావాలి. తొందరపడి కంపెనీ పెట్టవద్దు. ఏటా ఆడిటు, ఫైలింగుల ఖర్చు ఉంటుంది. పైగా కొన్ని పథకాలు కంపెనీ వయసును లెక్కపెడతాయి. ఐదో అంచెలో మీ పథకం తేల్చుకున్నాకే సంస్థ రూపం తేల్చుకోండి.

సరిచూసుకోవలసిన కాగితాలు:

- ఆధార్, పాన్, బ్యాంకు పాసుపుస్తకం, మూడింటిలో ఒకే పేరు
- ఉద్యం సర్టిఫికెట్. ఇది పూర్తిగా ఉచితం, ఎవరైనా రుసుము అడిగితే ఇవ్వకండి
- యూనిట్ స్థలం పత్రం లేదా అద్దె ఒప్పందం. ఒడియాలో ఉంటే ఇంగ్లీషు అనువాదం నోటరీ చేయించి పెట్టుకోండి
- ఆహార పదార్థమైతే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్
- ఆదాయపు పన్ను రిటర్నులు, ఉన్నంతవరకు ఆడిట్ లెక్కలు
- మీ చదువు, అనుభవం ఒక పేజీలో. పదో తరగతి అయినా దాచవద్దు, మిల్లు నడిపిన ఏళ్లు రాయండి

## 5. ఏ పథకం మీ పనికి సరిపోతుంది?

పేర్లు చూసి భయపడాల్సింది లేదు. మీ పని ఏ దశలో ఉందో తెలిస్తే మిగిలేవి రెండో మూడో.

ఆలోచన ఉంది, నమూనా లేదు. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ వారి నిధి-ప్రయాస్ కింద నమూనా తయారీకి 10 లక్షల రూపాయల వరకు గ్రాంటు దొరుకుతుంది. పనిముట్టు, పరికరం చేసేవారికి ఇది బాగా నప్పుతుంది. జీడిపిక్కల పనిముట్టు వాక్యం మీదైతే ఇక్కడ మొదలుపెట్టండి. దరఖాస్తు ప్రయాస్ కేంద్రాల ద్వారానే వెళ్తుంది.

సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల (ఎంఎస్‌ఎంఈ) మంత్రిత్వ శాఖ వారి ఎంఎస్‌ఎంఈ ఇన్నొవేటివ్ పథకం 2022 మార్చిలో మొదలైంది. ఇందులో ఒక్కో ఆలోచనకు 15 లక్షల రూపాయల వరకు సాయం ఉంది. ఆమోదం పొందిన ఆతిథ్య సంస్థ ద్వారా మాత్రమే దరఖాస్తు చేయాలి. కటక్‌లోని ఎంఎస్‌ఎంఈ అభివృద్ధి కార్యాలయానికి రాయగడలో శాఖ ఉంది, ముందు అక్కడ మాట్లాడండి.

డీఎస్‌ఐఆర్ (కేంద్ర శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన శాఖ) వారి ప్రిజమ్ వ్యక్తులకు కూడా తెరిచి ఉండే పథకం. మొదటి దశలో 20 లక్షల వరకు, దాన్ని దాటి రెండో దశకు వెళ్తే 50 లక్షల వరకు. కంపెనీ లేని, మంచి పనితనం ఉన్న మెకానిక్కులు దీన్ని తప్పకుండా చూడాలి. మన ఊళ్లలో లేత్ పని మీద బతుకుతూ కొత్త పనిముట్లు చేసేవారు ఎందరో ఉన్నారు, వారికి ఈ పథకం పేరే చేరలేదు.

వ్యవసాయం, చిరుధాన్యాలు, చేపలు. రాష్ట్రీయ కృషి వికాస్ యోజన కింద ఉన్న అగ్రి స్టార్టప్ కార్యక్రమంలో ఆలోచన దశకు 5 లక్షల వరకు, తర్వాతి దశకు 25 లక్షల వరకు గ్రాంటు ఉంది. కటక్‌లోని జాతీయ వరి పరిశోధన సంస్థ, హైదరాబాద్‌లోని భారత చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఈ కార్యక్రమంలో ఇంక్యుబేటర్లు, అంటే కొత్త ఆలోచనలకు సలహా, వసతి ఇచ్చి నడిపించే సంస్థలు. సామలు, చోళ్ల పని చేసే మనవాళ్లకు హైదరాబాద్ సంస్థ అన్ని విధాలా సరైనది. విషయం తెలిసినవారు ఉంటారు, తెలుగులో మాట్లాడవచ్చు.

జీవసంబంధమైన పని, పెద్ద ప్రశ్న. బైరాక్ (కేంద్ర బయోటెక్నాలజీ శాఖ కింది సంస్థ) వారి బిగ్ గ్రాంటు 18 నెలలకు 50 లక్షల రూపాయల వరకు. దరఖాస్తులు సాధారణంగా ఏటా రెండుసార్లు, జనవరి 1న, జూలై 1న తెరుస్తారు. వ్యవసాయ ఉత్పత్తుల ద్వితీయ వినియోగం, వ్యర్థాల నుంచి విలువైన పదార్థాలు తీయడం వంటివి కూడా దీని పరిధిలోకి వస్తాయి. భువనేశ్వర్‌లో కీట్ విశ్వవిద్యాలయం వారి ఇంక్యుబేటర్ కీట్ టీబీఐ, హైదరాబాద్‌లో ఐకేపీ నాలెడ్జ్ పార్క్ దీనికి భాగస్వాములు. పోటీ గట్టిగా ఉంటుంది. మూడో అంచెలోని నోటు పుస్తకం లేకుండా దీనికి వెళ్లకండి.

కంపెనీ పెట్టి రెండేళ్లు దాటలేదు. స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ 2021లో మొదలైంది. నమూనా, పరీక్షలకు 20 లక్షల వరకు గ్రాంటు. మార్కెట్‌లోకి వెళ్లడానికి 50 లక్షల వరకు, అది రుణం లేదా మార్చుకోదగ్గ డిబెంచర్ల (తర్వాత వాటాలుగా మార్చుకోగల రుణపత్రాల) రూపంలో. డీపీఐఐటీ గుర్తింపు తప్పనిసరి. ఇతర ప్రభుత్వ పథకాల్లో 10 లక్షలకు మించి సాయం తీసుకుని ఉండకూడదు. ఒకేసారి మూడు ఇంక్యుబేటర్ల వరకు ఎంచుకోవచ్చు. ఇది కాలపరిమితితో ప్రకటించిన పథకం కాబట్టి ప్రస్తుతం దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో పోర్టల్‌లో చూసుకున్నాకే పని మొదలుపెట్టండి.

సాంకేతికత సిద్ధం, పెద్ద ఎత్తున తయారు చేయాలి. టెక్నాలజీ డెవలప్‌మెంట్ బోర్డు ప్రాజెక్టు ఖర్చులో సగం వరకు 5 శాతం సాధారణ వడ్డీకి రుణం ఇస్తుంది. ఇది తిరిగి కట్టాల్సిన సొమ్ము.

ఇక్కడ చేసే తప్పు: అన్ని పథకాలకూ ఒకే దరఖాస్తు కాపీ చేసి పంపడం. ఒక పథకంలో వచ్చిన సొమ్ము మరోదానికి అర్హతను పోగొట్టవచ్చు. అందుకే వరుస ముందే వేసుకోండి, చిన్న మొత్తం ముందు తీసుకోవాలా వద్దా అన్నది ఆలోచించి నిర్ణయించుకోండి.

## 6. ఇంక్యుబేటర్, నిపుణుడి తోడు

పై పథకాల్లో చాలావాటికి ఇంక్యుబేటర్ ద్వారానే దారి. అయితే నేరుగా "మాకు గ్రాంటు ఇప్పించండి" అని వెళ్లకండి. ముందు మీ ప్రశ్నకు సంబంధించిన శాస్త్రం తెలిసిన ఒక అధ్యాపకుడినో శాస్త్రవేత్తనో వెతకండి.

మనకు దగ్గరలోనే చదువుకున్న మనుషులు ఉన్నారు. గుణుపురంలో జీఐఈటీ విశ్వవిద్యాలయం, పర్లాకిమిడిలో సెంచూరియన్ విశ్వవిద్యాలయం, సునాబెడలో ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయం, జయపురంలో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన ఫౌండేషన్ కేంద్రం, బరంపురంలో ఐసర్ (కేంద్ర ప్రభుత్వ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ) ఉన్నాయి. చేపల పని అయితే భువనేశ్వర్ దగ్గర కౌశల్యాగంగలో మంచినీటి చేపల పరిశోధన సంస్థ. ఖనిజాలు, పదార్థాల పని అయితే భువనేశ్వర్‌లో సీఎస్‌ఐఆర్-ఐఎంఎంటీ. ఆహార సాంకేతికత అయితే మైసూరులో సీఎఫ్‌టీఆర్‌ఐ.

మొదటి ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. అందులో నాలుగే ఉండాలి: మీ ఒక్క వాక్యం ప్రశ్న, మీరు చేసిన ప్రయోగం ఫలితం, వారి నుంచి కావలసిన సాయం ఏమిటి, మీరు ఎప్పుడు వచ్చి కలవగలరు. జవాబు రాకపోతే పది రోజులకు ఒకసారి గుర్తు చేయండి. నాకు మూడో ఉత్తరానికి జవాబు వచ్చింది.

కలవడానికి వెళ్లేటప్పుడు సరుకు తీసుకెళ్లండి. రాయగడలో హీరాఖండ్ రైలు ఎక్కితే ఒక రాత్రి ప్రయాణంలో భువనేశ్వర్. సంచిలో రెండు పొట్లాలు, నోటు పుస్తకం ఉంటే చాలు.

ఒడియా రాదని వెనకాడేవారు కొందరు ఉన్నారు. దరఖాస్తు, ఇంటర్వ్యూ ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉంటాయి. జిల్లా కార్యాలయాల్లో మాత్రం ఒడియా తెలిసిన మనిషిని తోడు తీసుకెళ్లండి.

దళారుల మాట కూడా చెప్పాలి. మంజూరైన సొమ్ములో పది శాతం ఇస్తే గ్రాంటు ఇప్పిస్తామనేవారు మన దగ్గర తిరుగుతున్నారు. గ్రాంటు సొమ్ములోంచి కమీషను చూపించే పద్దు ఏ బడ్జెట్‌లోనూ లేదు, అంటే మీరు దొంగ బిల్లు పెట్టాల్సి వస్తుంది. ఆ తర్వాత దొరికేది మీరే.

## 7. దరఖాస్తు రాసే వరుస

ఫారం పైనుంచి కిందికి నింపుకుంటూ పోవద్దు. ఈ వరుసలో రాయండి.

1. పనుల పట్టిక. ఏ నెలలో ఏ పని, దాని ఫలితం ఏ అంకెతో తెలుస్తుంది.
2. మైలురాళ్లు. మూడు లేదా నాలుగు చాలు. సొమ్ము వీటిని బట్టే విడతలుగా వస్తుంది.
3. బడ్జెట్. ప్రతి రూపాయీ పనుల పట్టికలోని ఒక పనికి ముడిపడాలి.
4. ఇప్పటివరకు చేసినది. నోటు పుస్తకం నుంచి ఒక పట్టిక, రెండు ఫోటోలు, ల్యాబ్ రిపోర్టు.
5. సమస్య, ఇతరులు చేసినది, మీరు చేయబోయే తేడా.
6. సారాంశం. ఇది అన్నిటికంటే చివర రాయాలి.

తెలుగులో ఆలోచించి తెలుగులోనే చిత్తు రాసుకోండి. తర్వాత ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు అంకెలు, యూనిట్లు తప్పకుండా మరొకరితో చదివించండి. నా దరఖాస్తులో క్వింటాలు ఉన్నచోట టన్ను పడింది. నిపుణుడు పట్టుకోకపోతే నా రోజువారీ సామర్థ్యం పదింతలై ఉండేది.

మైలురాయి ఎలా ఉండాలో ఒక ఉదాహరణ. "ఆవిరి యంత్రం అభివృద్ధి" అనేది మైలురాయి కాదు. "ఆరో నెల చివరికి గంటకు 20 కిలోల సామలకు ఆవిరి పట్టించే నమూనా, మూడు విడతల పరీక్షలో తేమ తేడా ఒక శాతం లోపు" అనేది మైలురాయి. మీరు అందుకోగలిగిన అంకెనే రాయండి. అందకపోతే తర్వాతి విడత ఆగుతుంది.

## 8. బడ్జెట్

నా మొదటి దరఖాస్తు తిరిగి రావడానికి ముఖ్య కారణం ఇదే. మొత్తంలో సగానికి పైగా మార్కెట్‌లో దొరికే పొట్టు తీసే యంత్రానికి రాశాను. ఇది యంత్రం కొనుగోలు ప్రతిపాదన, పరిశోధన కాదని పరిశీలకులు రాసి పంపారు. వారు రాసింది న్యాయమే.

సామల ప్రశ్నకు 8 లక్షల బడ్జెట్ ఎలా ఉండవచ్చో చూడండి. ఇది నమూనా లెక్క, మీ కోటేషన్లతో మార్చుకోండి.

- ఆవిరి గది నమూనా తయారీ: 3,20,000
- ల్యాబ్ పరీక్షలు: 1,80,000
- సహాయకుడి వేతనం, నెలకు 12,000 చొప్పున 12 నెలలు: 1,44,000
- ముడిసరుకు, ప్యాకింగ్: 60,000
- ప్రయాణాలు: 40,000
- పేటెంటు ఖర్చులు: 36,000
- అనుకోని ఖర్చులు: 20,000

భవనం, స్థలం, అమ్మకానికి చేసే సరుకు, ప్రకటనలు, పాత అప్పుల వాయిదాలు ఇందులో పెట్టకండి. పథకం ఏ పద్దులను ఒప్పుకుంటుందో దాని మార్గదర్శకాల్లో ఉంటుంది, ఆ పేజీ ప్రింటు తీసి పక్కన పెట్టుకుని రాయండి. పెద్ద వస్తువు ప్రతిదానికి మూడు కోటేషన్లు జతచేయండి. మూడూ ఒకే దుకాణం అన్నదమ్ముల పేర్ల మీద ఉంటే ఇట్టే తెలిసిపోతుంది.

## 9. పేటెంటు, జీవవైవిధ్యం

కొత్తదనం ఉన్న పనిముట్టు అయితే, నలుగురికీ చూపించకముందే తాత్కాలిక పేటెంటు దరఖాస్తు వేయండి. వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్ దాఖలు రుసుము 1,600 రూపాయలు, పెద్ద సంస్థలకు 8,000. పూర్తి వివరాలు పన్నెండు నెలల్లో ఇవ్వాలి. ఒడిశా వారికి కోల్‌కతా పేటెంటు కార్యాలయం. ఫైలింగు ఆన్‌లైన్‌లోనే కాబట్టి వెళ్లాల్సిన పని లేదు. సంతలో ప్రదర్శించాకో, వీడియో పెట్టాకో వేస్తే కొత్తదనం పోయిందని అభ్యంతరం వస్తుంది.

అడవి మూలికలు, స్థానిక విత్తనాల మీద పని చేసేవారు 2002 జీవవైవిధ్య చట్టాన్ని చూసుకోవాలి. అలాంటి పేటెంట్ల విషయంలో చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థతో పని ఉంటుంది. డొంగరియా కొంధులు, సవరలు వంటి గిరిజనుల నుంచి తెలుసుకున్న పద్ధతి మీద ఆధారపడితే ఆ మాట దరఖాస్తులో రాయండి. వారి తెలివిని మన పేరు మీద రాసుకోవడం తప్పు, ఆ పని ఎవరూ చేయవద్దని కోరుతున్నాను.

## 10. ఇంటర్వ్యూ

పది, పన్నెండు స్లైడ్లు చాలు. మొదటి నిమిషంలోనే ప్రశ్న, చేసిన ప్రయోగం చెప్పేయాలి. నన్ను అడిగినవి ఇలా ఉన్నాయి.

- ఆవిరికి ఇంధనం ఎంత, కిలోకు ఎంత ఖర్చు పడుతుంది?
- పెద్ద మిల్లు ఇదే పని చేస్తే మీరేమి చేస్తారు?
- పది నిమిషాలు కాక పన్నెండు ఎందుకు కాదు?
- ఫలితం రాకపోతే?

మూడోదానికి నా దగ్గర జవాబు లేదు. "ఇంకా చూడలేదు, రెండో నెలలో చూస్తాను, పట్టికలో చేరుస్తాను" అన్నాను. తెలియనిదాన్ని తెలియదని చెప్పడం వల్ల నాకు నష్టం జరగలేదు.

ఆన్‌లైన్ ఇంటర్వ్యూ అయితే కరెంటు పోయినా నడిచే చోటు, రెండో ఫోను ఇంటర్నెట్ సిద్ధంగా పెట్టుకోండి. మన కొండల్లో ఇది చిన్న విషయం కాదు.

## 11. సొమ్ము వచ్చాక

- గ్రాంటుకు విడిగా బ్యాంకు ఖాతా. మిల్లు ఖాతాతో కలపవద్దు, ఒక్క రోజు సర్దుబాటుకైనా సరే.
- ప్రతి బిల్లు సంస్థ పేరు మీద, జీఎస్‌టీతో, బ్యాంకు ద్వారా చెల్లింపు.
- ఒక పద్దు సొమ్ము మరో పద్దుకు వాడాలంటే ముందే రాతపూర్వక అనుమతి.
- ఖాతాలో పడిన వడ్డీ కూడా ప్రభుత్వానిదే, దాన్ని చూపించి తిరిగి కట్టాలి.
- ప్రతి విడత చివర ఖర్చుల వినియోగ ధ్రువపత్రం, జీఎఫ్‌ఆర్ (ప్రభుత్వ ఆర్థిక నియమావళి) 12-ఏ నమూనాలో, ఆడిటరు సంతకంతో.
- కొన్న పరికరాలకు ఆస్తుల రిజిస్టరు. అనుమతి లేకుండా అమ్మకూడదు.

విడత ఆలస్యం కావడం తరచూ జరుగుతుంది. రెండు, మూడు నెలల సహాయకుడి వేతనం, పరీక్షల ఖర్చు సొంతంగా భరించగలిగేలా చూసుకునే మొదలుపెట్టండి. సొమ్ము రాలేదని నిల్వ ప్రయోగం మధ్యలో ఆపితే ఆ తొంభై రోజులూ మళ్లీ మొదటికి వస్తాయి.

## 12. తిరస్కరించారా? ఇలా సరిచేయండి

వ్యాఖ్యలు ఇవ్వమని మర్యాదగా ఈమెయిల్ రాయండి. వచ్చిన మాటను బట్టి సవరణ ఉంటుంది.

- "కొత్తదనం కనిపించలేదు": రెండో అంచెకు వెళ్లండి. దొరుకుతున్న మూడు పద్ధతులతో మీదాన్ని పోల్చిన పట్టిక చేర్చండి.
- "ప్రాథమిక ఆధారాలు లేవు": మూడో అంచె. దీనికి అడ్డదారి లేదు.
- "బృందం సరిపోదు": నిపుణుడి సమ్మతి పత్రం, ఆయన నెలకు ఎన్ని గంటలు ఇస్తారో రాసి జతచేయండి.
- "బడ్జెట్ సమర్థనీయం కాదు": ప్రతి పద్దు పక్కన పని నంబరు వేయండి.
- "పథకం పరిధిలోకి రాదు": దరఖాస్తు మార్చవద్దు, పథకం మార్చండి.

మళ్లీ వేసేటప్పుడు మొదటి పేజీలోనే పాత వ్యాఖ్య ఏమిటో, దానికి ఏమి చేశారో నాలుగు వాక్యాల్లో రాయండి. జూలై 1న తెరిచే బిగ్ గ్రాంటు విడతకు వేయాలనుకుంటే సామల పొట్లాలు మార్చి నెల చివరి వారానికల్లా అలమరలోకి చేరాలి.